పాత కుట్టు మిషన్లకు పార్టులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో తాతలనాటి కుట్టు మిషన్లను పాత ఇనుము కింద అమ్మేయొద్దని నాలుగు మాటలు రాశాను. దాని మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి బోలెడు ఉత్తరాలు, ఫోన్లో తీసిన ఫొటోలు వచ్చాయి. అందరూ అడిగింది దాదాపు ఒకటే, పార్టు ఎక్కడ దొరుకుతుందని. ఎక్కడ దొరుకుతుందో చెప్పడం తేలికే, కానీ మీ మిషన్ ఏ రకమో తెలియకుండా అంగడికి పోతే అంగడాయన చేతికందింది ఇస్తాడు, మీరు డబ్బు పెట్టి తెచ్చుకుంటారు, అది పట్టదు. అందుకే చాలా జవాబుల్లో ముందు మిషన్‌ను గుర్తుపట్టే సంగతి చెప్పి, తర్వాతే కొనే సంగతికి వచ్చాను.

ప్రశ్న: మా జేజికి పెళ్ళిలో వాళ్ళ నాయన మద్రాసులో కొనిచ్చిన సింగర్ చేతి మిషన్ మా దగ్గరుంది. అడుగున బాబిన్ కేసు బదులు పడవలాగా పొడుగ్గా ఒక షటిల్ ఉండేది. ఇల్లు మారేటప్పుడు అది, లోపలి బాబిన్ రెండూ పోయాయి. మా ఊళ్ళో అంగడాయన దీనికి పార్టులు రావడం ఎప్పుడో ఆగిపోయిందమ్మా, ఎక్స్‌చేంజిలో ఇచ్చేసి కొత్తది తీసుకో అంటున్నాడు. నిజంగానే దొరకవా? (ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: దొరుకుతాయి తల్లీ, మిషన్ మాత్రం ఎక్స్‌చేంజికి ఇవ్వొద్దు. అంగడాయన అబద్ధం చెప్పి ఉండడు. ఆయన దగ్గరికి వచ్చే సరుకంతా గుండ్రటి బాబిన్ మిషన్లదే కాబట్టి ఆయనకు తెలిసినంతలో చెప్పాడు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీది సింగర్ 27 గానీ 28 గానీ అయ్యుండాలి. ఈ రకంలో కింది దారం చుట్టిన బాబిన్‌ను పట్టుకునే షటిల్ గుండ్రంగా తిరగదు, ఒక చేతికి తగిలించినట్టుగా ఉండి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 27 పూర్తి సైజు, 28 దాంట్లో ముప్పాతిక సైజు, తల చిన్నది. మీది చేతి మిషన్ అంటున్నారు కాబట్టి 28 కావచ్చు. ఏదైనా మీకు దిగులు లేదు, రెండింటికీ షటిల్ ఒకటే, లోపలి పొడుగు బాబిన్ కూడా ఒకటే. వీటి తర్వాత వచ్చిన 127, 128 మోడళ్ళకు కూడా అదే బాబిన్ సరిపోతుంది. కాబట్టి వెతికేటప్పుడు ఒక్క నంబరు పట్టుకుని కూర్చోకండి, ఈ నాలుగింటిలో దేనికి అని చెప్పినా మీకు పనికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మిషన్ అడుగు పలక అంచులు తిన్నగా ఉన్నాయా లేక నడుము దగ్గర వయొలిన్‌లాగా లోపలికి వంపు తిరిగి ఉన్నాయా చూడండి. వంపు ఉంటే అది చాలావరకు ఇంకా పాత రకం, సింగర్ 12 అంటారు. దాని షటిల్ వేరు, సూది కూడా వేరు. మామూలు సూది దానికి పట్టదు, దానికి కావాల్సిన సూది సంపాదించడమే పెద్ద పని. మీది తిన్నటి అంచులదైతే ఈ టెన్షన్ లేదు, మామూలుగా టైలర్ సామాన్ల అంగట్లో అమ్మే ఒకవైపు చప్పటగా ఉండే హెచ్‌ఏ-1 సూదే వాడుకోవచ్చు. సూది బిగించేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి: పొడుగునా గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కాలి, చప్పట వైపు షటిల్‌కు ఎదురుగా ఉండాలి. ఇది తిరగేసి పెట్టి, మిషన్ కుట్టడం లేదని షటిల్ మార్చినవాళ్ళు ఉన్నారు.

మిషన్ వయసు తెలుసుకోవాలని ఉంటే కుడివైపు చక్రం కింద, అడుగు పలక మీద ఉన్న నంబరు చదవండి. అంకెల ముందు అక్షరం ఏమీ లేకపోతే 1900కి ముందుది. వై అక్షరం ఉంటే 1920లు, 1930ల మొదటి భాగం. ఇంగ్లిష్ ‘E’తో మొదలయ్యే రెండక్షరాలు ఉంటే 1935 తర్వాతది. మన వైపు కనబడే సింగర్లలో చాలావరకు స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైనవే. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మూతపడినా దిగులు పడక్కర్లేదు, ఈ రకం షటిళ్ళు, పొడుగు బాబిన్లు ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు, ఆన్‌లైన్లో పేరు కొట్టి చూస్తే వస్తాయి.

కానీ నన్నడిగితే కొత్త షటిల్ కన్నా పాత సింగర్ షటిలే మేలు. పాత సింగర్ పార్టుల మీద సన్నటి అక్షరాలతో సిమాంకో అని ఒక ముద్ర, పక్కన పార్టు నంబరు ఉంటాయి. సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అన్న పేరును కుదించిన ముద్ర అది. పాత మిషన్లు విడగొట్టి అమ్మేవాళ్ళ దగ్గర దొరికితే వెలుతురులో పెట్టి మొన చూడండి. మొన సూదిగా, నున్నగా ఉండాలి, విరిగిన గుర్తు గానీ తుప్పు గుంతలు గానీ ఉండకూడదు. గోరు కొనతో మొన మీదుగా నెమ్మదిగా గీసి చూడండి, ఎక్కడైనా గోరు తట్టుకుందంటే అక్కడే దారం కూడా తట్టుకుని తెగుతుంది. పక్కనున్న పల్చటి స్ప్రింగు రేకు కదులుతోందా, దాని చిన్న స్క్రూ ఉందా చూడండి. ఆ స్క్రూ పోయిందంటే షటిల్ దొరికినా ఉపయోగం లేదు. బాబిన్ లోపల పెట్టి దారం లాగితే ఒకే బిగువుతో రావాలి, గుంజి గుంజి వస్తే వద్దనండి.

కావలిలో పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి మద్రాసులో ఉంటారు. ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల వీధుల్లో కుట్టు మిషన్ సామాన్ల అంగళ్ళు ఉన్నాయి. అక్కడి బ్రాడ్‌వేకి ఇప్పుడు మన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరే, ప్రకాశం సాలై. వెళ్ళేటప్పుడు షటిల్ ఊగే చోటు రెండు మూడు వైపుల నుంచి ఫొటో తీసుకుని, పక్కన స్కేలు పెట్టి కొలత కనబడేలా ఇంకో ఫొటో కూడా తీసుకుని వెళ్ళండి. మిషన్ మీద సింగర్ అని లేకుండా వేరే పేరు ఉంటే, అంటే పాత జర్మనీ మిషన్ అయితే, పొడుగు షటిల్‌లో కూడా సైజు తేడాలు ఉంటాయి. అప్పుడు ఫొటోతో సరిపోదు, మిషన్ తలే మోసుకెళ్ళాలి.

ప్రశ్న: నేను లేడీస్ టైలర్‌ని. పాతికేళ్ళ నాటి ఉషా కాలి మిషన్. గుడ్డ అడుగున దారం ఉండలు కడుతోంది. బాబిన్ కేసు మార్చాను, అయినా అంతే, ఇంకో కంపెనీది మార్చినా అంతే. అసలు పార్టు ఎక్కడ దొరుకుతుంది? (కందుకూరు)

జవాబు: ఇంకో బాబిన్ కేసు కొనకక్కా, కొంచెం ఆగండి. అడుగున ఉండ కడితే అందరి చూపూ అడుగునున్న బాబిన్ మీదికే పోతుంది, కానీ ఆ ఉండ చాలాసార్లు పై దారంది. పై దారానికి బిగువు లేకపోతే షటిల్ కిందికి లాక్కున్న దారం మళ్ళీ పైకి పోదు, అక్కడే చుట్టుకుంటుంది. గుడ్డను నొక్కి పట్టే ఫుట్ పైకి ఎత్తి ఉంచి దారం ఎక్కించండి. ఫుట్ ఎత్తినప్పుడే పై దారాన్ని బిగించే టెన్షన్ పళ్ళేలు రెండూ విడిపోతాయి, దారం వాటి మధ్యలోకి దిగుతుంది. ఫుట్ దించి ఎక్కిస్తే దారం పళ్ళేల పైపైనే జారిపోతూ ఉంటుంది, మీరు టెన్షన్ ఎంత బిగించినా దానికి తగలదు. ఆ పళ్ళేల మధ్య పాత దారం ముక్క, నూగు ఇరుక్కున్నా ఇదే గొడవ. ఒక గట్టి గుడ్డ పీలికను మధ్యలోంచి లాగి శుభ్రం చేయండి.

టెన్షన్ దగ్గర సన్నటి తీగలాంటి స్ప్రింగు ఒకటి పైకీ కిందికీ ఆడుతుంటుంది. అది విరిగినా, వంగి ఆడకుండా ఉన్నా అప్పుడు మాత్రం పార్టు కొనాల్సిందే. మీ ఉషాకి ఈ టెన్షన్ సెట్టు మొత్తంగా దొరుకుతుంది, ఒక్క స్ప్రింగు కోసం వెతకడం కన్నా సెట్టు తెచ్చి బిగించడమే తేలిక.

మన ఉషా, మెరిట్, రీటా లాంటి నల్ల మిషన్లలో మామూలు కాలి మిషన్లు చాలావరకు సింగర్ 15 పద్ధతిలోనే చేసినవి. అందుకే ఒకదాని పార్టు ఇంకోదానికి ఎక్కువగా పడుతుంది, లూధియానాలో ఇప్పటికీ వీటి పార్టులు విపరీతంగా తయారవుతాయి. పాతికేళ్ళ ఉషా కాబట్టి పార్టు దొరకదన్న భయం మీకు అక్కర్లేదు. దొరికిన పార్టు నాణ్యత ఎలాంటిదన్నదే చూసుకోవాలి. బాబిన్ కేసు కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని, పైకి పొడుచుకొచ్చిన వేలులాంటి ముక్క ఏ వైపు తిరిగి ఉందో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గడియారం ముల్లు ఒంటి గంట వైపు చూసేవి కొన్ని, పదకొండు వైపు చూసేవి కొన్ని ఉంటాయి. అంగట్లో రెండూ ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. తర్వాత బాబిన్ పెట్టి, దారం కొస పట్టుకుని కేసును వేలాడదీయండి. దానంతటది జారిపోకూడదు, చేతిని చిన్నగా అదిలిస్తే కొంచెం జారి ఆగాలి.

ఇవన్నీ చేసినా ఉండ కడితే షటిల్ మొన చూడండి. సూది విరిగిన ప్రతిసారీ ఆ మొన మీద దెబ్బ పడుతుంది. చిన్న గీతే అయితే జీరో నంబర్ ఎమెరీ కాగితంతో నెమ్మదిగా నున్నగా రుద్దితే చాలు. మొన విరిగిపోతే షటిల్ మార్చాలి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. అత్తయ్య పోయాక ఆమె మిషన్ చాలా ఏళ్ళుగా మూలన పడుంది. చక్రం అసలు తిరగడం లేదు. మెకానిక్ వచ్చి చూసి లోపల షాఫ్టు పట్టేసింది, షాఫ్టు మార్చాలి, ఆ పార్టు రాదు అని వెళ్ళిపోయాడు. (కొత్తపట్నం)

జవాబు: షాఫ్టు అంత తేలిగ్గా పాడవదమ్మా. ఆ కాలం మిషన్ల షాఫ్టు మంచి ఉక్కు. ఉప్పుగాలి తగిలే ఊరు కాబట్టి పైపైన తుప్పు ఉంటుంది, అది నిజమే, కానీ చక్రం బిగుసుకుపోవడానికి ఎక్కువసార్లు కారణం నూనె. మన ఇళ్ళల్లో మిషన్ నూనె అయిపోతే కొబ్బరి నూనె వేసే అలవాటు ఉంది. కొబ్బరి నూనె, వంట నూనె ఏవైనా సరే కొన్నాళ్ళకు గాలికి గట్టిపడి పసుపుపచ్చటి జిగురు అవుతాయి. పక్కనున్న మూత విప్పి సూది కడ్డీ చుట్టూ చూడండి, మీకే కనబడుతుంది, గోటితో గీకితే మైనంలా లేస్తుంది.

ముందు బాబిన్ కేసు, షటిల్ విప్పి అక్కడ దారం చుట్టుకుని ఉందేమో చూడండి. ఒక్కోసారి ఒక్క దారం ముక్క మొత్తం మిషన్‌ను ఆపేస్తుంది. అది కాదంటే కిరోసిన్ దొరికితే కిరోసిన్, లేదంటే హార్డ్‌వేర్ అంగట్లో అమ్మే డబ్ల్యూడీ ఫార్టీ లాంటి స్ప్రే, నూనె పోసే ప్రతి రంధ్రంలోనూ, ఇనుము మీద ఇనుము కదిలే ప్రతి చోటా వేయండి. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఒక రాత్రి ఆగి, మళ్ళీ వేసి, మిషన్‌ను ఎండలో పెట్టండి. మన రోహిణి కార్తె ఎండకు జిగురు బాగా మెత్తబడుతుంది. తర్వాత చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా అదిలించండి. వెంట్రుకవాసి కదిలినా పని జరుగుతున్నట్టే. సుత్తి తీసుకోవద్దు, కడ్డీ పెట్టి తిప్పొద్దు. చక్రం పోత ఇనుముతో చేసింది, దెబ్బకు పగిలిపోతుంది, అప్పుడు నిజంగానే పార్టు కోసం వెతకాలి.

కదలడం మొదలయ్యాక నల్లటి మురికి కారుతుంది, దాన్ని పాత నూలు గుడ్డతో తుడుస్తూ పోవాలి. చివర్లో మిషన్ నూనె తప్పకుండా వేయండి, ఎందుకంటే కిరోసిన్ మురికిని వదిలిస్తుంది గానీ ఇనుముకు నూనెలా పనిచేయదు. పైన బంగారు పూలు, తీగలు ఉంటే వాటి దగ్గర స్పిరిటు, థిన్నరు వాడకండి, పూలన్నీ గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. అత్తయ్య గారి మిషన్ కదిలితే నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మా మిషన్ సింగర్ 99కె. బాబిన్ పక్క నుంచి కాకుండా పైనుంచి వేస్తాం, పైన జారే పలక ఉంటుంది. అంగట్లో కొన్న కొత్త బాబిన్లు వేస్తే బిగుసుకుపోతున్నాయి. (సింగరాయకొండ)

జవాబు: మీకు ఉషా బాబిన్లు ఇచ్చారు. రెండూ గుండ్రంగానే ఉంటాయి, అడ్డం కొలిస్తే దాదాపు ఒకటే సైజు, అందుకే అంగట్లో తేడా పట్టరు. ఉషాకు వాడే 15 క్లాసు బాబిన్ పక్కలు చదునుగా ఉంటాయి, ఎత్తు కొంచెం ఎక్కువ. మీ మిషన్‌కు కావాల్సింది 66 క్లాసు బాబిన్, దాని పక్కలు కొద్దిగా ఉబ్బుగా ఉంటాయి, ఎత్తు తక్కువ. ఒక చదునైన బల్ల మీద పాత బాబిన్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి కంటి ఎత్తులో చూస్తే తేడా తెలిసిపోతుంది. అంగట్లో 66 అని అడగండి, లేదంటే ఆన్‌లైన్లో ఆ పేరుతోనే దొరుకుతాయి. బిగుసుకున్న బాబిన్‌తో బలవంతాన కుట్టొద్దు, కింది గూడు అరిగిపోతే అది సంపాదించడం బాబిన్ అంత తేలిక కాదు. అన్నట్టు, 99 తర్వాత ఉన్న కె అక్షరం క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీకి గుర్తు.

ప్రశ్న: ఇద్దరు మనుషులు ఊళ్ళో తిరిగి పాత సింగర్ మిషన్ ఉంటే లక్షల్లో ఇస్తామన్నారు. సూది కడ్డీలో ఎర్ర పాదరసం ఉంటుందట, దగ్గర సెల్‌ఫోన్ పెడితే సిగ్నల్ పోతుందట. మా మామయ్య నమ్మి కడ్డీ ఊడదీసి చూశాడు, ఏమీ లేదు, ఇప్పుడు అది సరిగ్గా కూర్చోవడం లేదు. కొత్త కడ్డీ కొనాలా? (బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: ఎర్ర పాదరసం అన్నది పచ్చి మోసం. 2009లో సౌదీ అరేబియాలో సరిగ్గా ఇదే పుకారు లేచింది, సెల్‌ఫోన్ కథతో సహా. జనం పాత సింగర్ల కోసం ఎగబడి వేలకు వేలు పోశారు, అక్కడి పోలీసులే అది వట్టి మోసమని చెప్పాల్సి వచ్చింది. సూది కడ్డీ అంటే ఉక్కు కడ్డీ, అంతే. ఇలాంటివాళ్ళు ముందు పెద్ద మొత్తం ఆశ చూపి, తర్వాత పరీక్ష ఫీజనో అడ్వాన్సనో మీ దగ్గరే డబ్బు గుంజుతారు. మళ్ళీ వస్తే పోలీసులకు చెప్పండి. మామయ్య గారిని ఏమీ అనకండి, ఇల్లు గడవడం కష్టంగా ఉన్నప్పుడు లక్షలన్న మాట వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

కడ్డీ వంగకపోతే కొత్తది కొనక్కర్లేదు. గాజు పలక మీద దొర్లించి చూడండి, నిటారుగా దొర్లితే బాగానే ఉన్నట్టు. అది సరిగ్గా కూర్చోకపోవడమంటే ఎత్తు తప్పిందన్నమాట. పక్క మూత విప్పితే కడ్డీని పట్టుకునే బిగింపు, దానికో స్క్రూ కనబడతాయి. కొత్త సూది పెట్టి, చక్రం నెమ్మదిగా మీ వైపు తిప్పండి. సూది అట్టడుగుకు దిగి, కొంచెం పైకి లేవడం మొదలుపెట్టగానే షటిల్ మొన సూది వెనకగా, సూది కన్నుకు కాస్త పైగా దాటాలి. మొన కన్ను దగ్గరో, దానికి కిందో దాటుతుంటే కడ్డీ ఎత్తు ఎక్కువగా ఉంది, కొంచెం దించాలి. కన్నుకు మరీ పైగా దాటుతుంటే కొంచెం ఎత్తాలి. కొన్ని కడ్డీల మీద ఇందుకోసమే సన్నటి గీతలు ఉంటాయి, మసి తుడిచి చూడండి. స్క్రూ బిగించేటప్పుడు సూది పట్టే గాడి పక్కకు తిరిగిపోకుండా చూసుకోండి. చేత్తో నాలుగు చుట్లు తిప్పి, సూది ఎక్కడా తగలడం లేదని తేలాకే తొక్కండి.

ప్రశ్న: బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చక్రం మధ్యలోని గుండ్రటి బిరడా వదులు చేసినా సూది ఆడుతూనే ఉంది. చక్రం మార్చాలంటున్నారు. (పొదిలి)

జవాబు: చక్రం మార్చొద్దు. ఆ బిరడాలో చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేసి బిరడా మొత్తం విప్పండి. లోపల ఒక వాషరు ఉంటుంది, బయటి అంచున మూడు చెవులు, లోపలి అంచున రెండు కొనలు వంగి ఉంటాయి. ఎవరో శుభ్రం చేసి దాన్ని వేరే తీరులో పెట్టి ఉంటారు. వంగిన కొనలు మీ వైపు, అంటే బయటికి చూడాలి. అలాగే ఉండి కూడా పని చేయకపోతే వాషరును సగం చుట్టు తిప్పి పెట్టండి, దాదాపు ఎప్పుడూ దాంతోనే సరిపోతుంది. విప్పినప్పుడు చక్రం లోపలి రంధ్రంలో జిగురు ఉంటే తుడిచి ఒక చుక్క నూనె వేయండి, చక్రం షాఫ్టుకు పట్టేసినా ఇదే జబ్బు వస్తుంది.

ప్రశ్న: చేతి మిషన్ హ్యాండిల్ లోపలి పళ్ళ చక్రం అరిగిపోయింది. హ్యాండిల్ దొరక్కపోతే కాలి మిషన్ స్టాండు మీద పెట్టుకోవచ్చా? (ఉదయగిరి)

జవాబు: హ్యాండిల్ పూర్తి సెట్టు కొత్తది దొరుకుతుంది, మన దేశంలోనే చేస్తున్నారు. మీ చక్రం ఆకులున్నదై ఉండాలి, ఎందుకంటే హ్యాండిల్‌కున్న వేలు ఆ ఆకుల మధ్యలో దూరి చక్రాన్ని తిప్పుతుంది, గట్టి పళ్ళెంలాంటి చక్రమైతే అది దూరదు. పాత హ్యాండిల్ బిగించిన చోటు కొలుచుకుని ఆర్డరు పెట్టండి.

స్టాండు మీద పెట్టాలంటే ముందు అడుగు పలక కొలవండి. పొడవు పద్నాలుగున్నర అంగుళాలు, వెడల్పు ఏడు ఉంటే అది పూర్తి సైజు, మామూలు కాలి మిషన్ బల్లలో కూర్చుంటుంది. ముప్పాతిక సైజుదైతే కూర్చోదు, చుట్టూ ఖాళీ వస్తుంది. ఆ ఖాళీకి చెక్క చట్రం చేయించొచ్చు, చెక్క చెంచాలు చెక్కే మీ ఊళ్ళో అంత పనితనం ఉన్నవాళ్ళకు కొదవ లేదు. కానీ నా సలహా హ్యాండిలే.

ప్రశ్న: సూది బిగించే స్క్రూ పడిపోయింది. హార్డ్‌వేర్ అంగట్లో అదే లావు స్క్రూ తెచ్చి బిగిస్తే సగం వెళ్ళి ఆగింది. ఇంకా గట్టిగా తిప్పమంటారా? (ఆత్మకూరు)

జవాబు: వద్దు, వెంటనే వెనక్కి తిప్పి తీసేయండి. సింగర్ స్క్రూల మర మిల్లీమీటర్ల లెక్కది కాదు, అంగుళాల లెక్కది, అందులోనూ ఆ కంపెనీ తన కోసం ఎంచుకున్న కొలతలు. పైకి లావు ఒకటే అనిపించినా మర చుట్ల మధ్య దూరం వేరు, బలవంతం చేస్తే రంధ్రంలోని మర చెడిపోతుంది. స్క్రూ పోతే స్క్రూ వస్తుంది, కడ్డీలో మర చెడితే కడ్డీ మార్చాలి. కుట్టు మిషన్ సామాన్ల అంగట్లోనే సూది స్క్రూ అని అడిగి తీసుకోండి, చాలా పాత సింగర్లకు ఉషా స్క్రూ సరిపోతుంది. చేతివేళ్ళతోనే నాలుగైదు చుట్లు తేలిగ్గా వెళ్ళిందంటే అది సరైన స్క్రూ. ఏ స్క్రూ విప్పినా మూత మీద అయస్కాంతం పెట్టుకుని దాని మీద వేసుకోండి, నేల మీద పడితే గచ్చు పగుళ్ళలోకి పోతాయి.

ప్రశ్న: కాలి మిషన్ తోలు బెల్టు ఏ సైజు తేవాలి? (ఒంగోలు)

జవాబు: గుండ్రటి తోలు బెల్టు, లావు దాదాపు 5 మిల్లీమీటర్లు. పొడుగు ఎక్కువే ఇస్తారు, మీరే కోసుకోవాలి. కింది పెద్ద చక్రం, పై చక్రం చుట్టూ వేసి కొసలు కలిసేలా లాగి, పావు అంగుళం తక్కువగా కోసి, రెండు కొసల్లోనూ దబ్బనంతో రంధ్రం చేసి క్లిప్పు దూర్చి నొక్కేయండి. మరీ బిగువు వద్దు, బిగువుగా ఉంటే తొక్కడం బరువై మోకాళ్ళు నొప్పి పుడతాయి, చక్రం జారకుండా తిరిగితే చాలు. కొత్త తోలు కొన్నాళ్ళకు సాగుతుంది, అప్పుడు ఇంకొంచెం కోసి మళ్ళీ క్లిప్పు వేయాలి. మన వైపు కార్తీకంలో తుఫాను వానలకు తేమ పట్టి వదులైనప్పుడు మాత్రం తొందరపడి కోయకండి, ఎండ కాశాక అదే బిగుస్తుంది. బెల్టుకు నూనె తగలనీయొద్దు. ప్లాస్టిక్ బెల్టులు కూడా అమ్ముతున్నారు, అవి చవకే గానీ చక్రం మీద జారుతుంటాయి, తోలుదే తీసుకోండి.